బొడ్డులో చేరిన నూగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నూగు వాలని చోటు ఉండేది కాదు. కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పొద్దున మొదలైన ఆ చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. నూలు నుంచి రాలిన మెత్తటి నూగు అన్నం మీద, నీళ్ళ మీద, మా కనురెప్పల మీద కూడా వాలుతుండేది.

మేం నలుగురు పిల్లలం. స్నానమంటే అమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి నెత్తిన నాలుగు చెంబులు పోయడమే. అంతకు మించి ఆమెకు ఓపిక ఉండేది కాదు. చెవి వెనక, బొడ్డు లోపల చూసేంత తీరిక ఎక్కడిది?

నాకు పదేళ్ళప్పుడు బొడ్డు దురద పెట్టడం మొదలైంది. నాది బాగా లోతు బొడ్డు. పిన్నీసుతో గెలికాను. కాస్త రక్తం వచ్చింది, ఆ తర్వాత నీరు కారసాగింది. నూనెలో పసుపు కలిపి లోపల కుక్కాను. దాంతో ఇంకా చెడింది. లంగా బొందు ఒరిసినప్పుడల్లా ప్రాణం పోయేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, ఏదో వాసనొస్తోందని జరిగి కూర్చుంది. ఆ రోజు నుంచి నేను వెనక గోడ దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి పెద్దమ్మ కాన్పుల దవాఖానాలో ఆయా. సాయంత్రం వాచిన కాళ్ళతో వచ్చి గడప మీద కూలబడేది. నేను పొట్ట పట్టుకుని వంగి నడవడం రెండు మూడు రోజులు చూసినట్టుంది. ఏమైందని అడగలేదు. ఒకనాడు లోపలికి పిలిచి, తన పని ఒకటి చేసిపెట్టమంది.

"నా బొడ్డు నాకు కనవడది బిడ్డా, పొట్ట అడ్డమొస్తది. జర నువ్వు కడుగు" అంది.

మంచం మీద వెల్లకిలా పడుకుని చీర పక్కకు జరిపింది. ఆమె పొట్ట మీద పొడుగాటి ఆపరేషన్ మచ్చ ఉంది. నాకే సిగ్గేసింది, ఆమెకు మాత్రం ఏమీ లేదు. గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, కొంచెం సబ్బు రాసి, ఆ కొసతో మెల్లగా తిప్పమంది. గోరు గాని పుల్ల గాని పెట్టొద్దంది. సబ్బు పోయేదాకా తుడిచాక, పొడిగుడ్డతో తడి లేకుండా అద్దించింది. లోపల తడి నిలిస్తేనే పుండవుతుందని, నూనెలు, పసుపులు కుక్కితే ఇంకా చెడుతుందని, నావైపు చూడకుండా చెప్పుకుపోయింది.

అక్కడిదాకా ఓర్చుకున్నాను. అక్కడ ఏడుపొచ్చింది. రవికె పైకెత్తి చూపించాను.

పెద్దమ్మ మొహం తిప్పుకోలేదు. వంగి చాలాసేపు చూసింది. లోపల నూగు, పసుపు కలిసి నల్లగా గడ్డకట్టి ఉన్నాయట. తను దాన్ని తాకలేదు. మర్నాడు డ్యూటీకి పోతూ నన్ను వెంట తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించింది. ఆమె చిన్న చిమటాతో ఆ గడ్డ తీసి, కడిగి, పూతమందు, మాత్రలు ఇచ్చింది. ఇంకొన్నాళ్ళు దాచి ఉంటే చీము లోపలికి పాకేదని చెప్పింది. వారం పది రోజుల్లో పుండు మానింది.

పెద్దమ్మ మా అమ్మను ఒక్క మాట కూడా అనలేదు. జరిగింది చెప్పి వెళ్ళిపోయింది. అమ్మ రాట్నం ఆపి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"నువ్వు అలిసిపోయి ఉంటవు గదమ్మా."

అమ్మ నా తల తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. నేయడానికి కండె అందక నాయన గుంటలోంచి రెండుసార్లు పిలిచినా లేవలేదు.

తన బొడ్డు కడగడానికి పెద్దమ్మకు నా సాయం అక్కర్లేదని నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఆయన పక్షవాతంతో మంచాన పడి రెండేళ్ళయింది. రోజూ తడిగుడ్డతో ఆయన ఒళ్ళు తుడుస్తాను. నడుం లాగేస్తున్నా బొడ్డు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. తుడిచి, తడి అద్ది, ఎర్రబడిందేమో చూసి గాని దుప్పటి కప్పను. ఆ పని అయ్యాక గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటాను. ఆ వేళకే మనవరాలు ఏదో చెప్పాలని గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి మెల్లగా వెనక్కి తిరుగుతుంది. ఆ అడుగుల చప్పుడు నాకు తెలుసు. కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపుతాను.

"అలిసిపోయిన గని, నువ్వు చెప్పు బిడ్డా" అంటాను.