పొగ రాని బాయిలర్

అక్క మొదటి కాన్పుకు బోధన్‌కు వచ్చింది. మళ్లీ అత్తగారింటికి వెళ్లలేదు. ఆమె ఎలా పోయిందో మా ఇంట్లో ఎవరూ పూర్తిగా మాట్లాడుకోలేదు. ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

అరవైల చివర మేం అద్దెకున్న ఇంటి వాకిట్లో ఇల్లుగలవాళ్ల రాగి బాయిలర్ ఉండేది. కింద మంట పెట్టే మూతి, మధ్యలో మంట, చుట్టూ నీళ్లు, పైన పొగగొట్టం. ఎండిన చెరుకు ఆకు సులువుగా దొరికేది కనుక అందరిలాగే మేమూ అదే వేసేవాళ్లం. దాని మసి జిగటగా పట్టుకుంటుంది.

ఆ కార్తీకంలో పొగ పైకి పోకుండా కింది మూతి నుంచి రావడం మొదలైంది. నీళ్లు కాగడానికి ఇదివరకటికి రెట్టింపు సేపు పట్టేది. గిన్నెలకు కళాయి వేసే అతను వచ్చినప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, చూపించింది. అతను తన బీడీని కింది మూతి దగ్గర పెట్టాడు. పొగ లోపలికి పోలేదు. అతని ముఖం మీదికే తిరిగొచ్చింది.

"గుంజుతలేదక్కా. గొట్టం ఊడదీసి మసి గీకాలె."

"ఇల్లుగల్లోళ్ల సామాను. మేమెట్ల ముట్టుకుంటం?"

"అయితే ఆళ్లనే అడుగు. గిట్లనే మంట పెట్టకుండ్రి."

ఎదురింట్లోనే ఉండే యజమానురాలిని అవ్వ అడిగింది.

"పచ్చి ఆకు పెడితే పొగ రాక పన్నీరొస్తదా?" అందామె.

"ఓ పూట నువ్వే అచ్చి కూసో అక్కా, పన్నీరో పొగో తెలుస్తది."

ఆమె నవ్వింది. "చెరుకు నరుకుడు కానియ్. మనిషిని పంపిస్త."

పుష్యంలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. చలి ఎక్కువగా ఉంది. బాలింతకు గాలి తగలకూడదని బాయిలర్‌ను స్నానాల గదిలోకి మార్చాం. ఒక చెవి పట్టుకుని మోసింది నేనే. గొట్టాన్ని పెంకుల సందులోంచి బయటికి పెట్టాం. కిటికీకి గోనెసంచి కొట్టాం, తలుపు కింద పాతచీర కుక్కాం. పొగకు అక్క దగ్గుతోందని అవ్వ ఆకు మాని బొగ్గులు వేసింది. పొగ ఆగిపోయింది. అందరం సంతోషించాం.

నేను నిజామాబాద్ కాలేజీలో చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. గాలి చాలని చోట బొగ్గు కాలితే రంగూ వాసనా లేని విషవాయువు వస్తుందని, అది ఎక్కినవాళ్ల ముఖం ఎర్రబడుతుందని నాకు తెలుసు. పరీక్షలో రాశాను. ఆ జవాబుకూ మా స్నానాల గదికీ సంబంధం ఉందని తోచలేదు.

స్నానం చేసి వచ్చాక అక్క రోజూ తల పట్టుకునేది. "తల పగులుతుందే అవ్వా. కడుపుల తిప్పుతుంది."

"రగతం పోయింది గద బిడ్డా, గట్లనే ఉంటది."

అవ్వకూ తలనొప్పి వచ్చేది. నిద్ర చాలక అనుకుంది. ఇద్దరికీ మధ్యాహ్నానికల్లా తగ్గేది. అది ఎవరికీ వింతగా అనిపించలేదు.

నీళ్లు పోశాక చెమట పట్టేదాకా బాలింతను లోపలే కూర్చోబెట్టడం మా ఆచారం. రోజూ అవ్వ పక్కనుండేది. పదకొండో రోజు పిల్ల ఏడ్వడంతో బయటికొచ్చి తలుపు మూసింది.

"బయటికి రాకు బిడ్డా, గాలి కొడ్తది."

"రాను తీ," అంది అక్క.

పిల్ల నిద్రపోయేసరికి చాలాసేపు పట్టింది. అవ్వ వెళ్లి తలుపు తీస్తే అక్క పీట మీద గోడకు ఒరిగి ఉంది. ముఖం ఎర్రగా, కళగా ఉంది. అందుకే అవ్వ ఆమె నిద్రపోయిందనుకుని, లేపడమెందుకని మళ్లీ తలుపు వేసింది.

దినాలు అయ్యాక బాయిలర్‌ను వాకిట్లోకి లాగాను. ఎవరినీ అడగలేదు. తిప్పితే గొట్టం ఊడొచ్చింది. కందికట్టెతో గీకితే మసి అట్టలుగా పడింది. గొట్టం మళ్లీ బిగించి, నాలుగు ఆకులు మండించి, వెలిగించిన అగరుబత్తిని కింది మూతి దగ్గర పెట్టాను. పొగ తిన్నగా లోపలికి పోయింది.

మొత్తం పని పావుగంట కూడా పట్టలేదు.