పత్తిలో మునిగిన రౌటరు

ఇప్పుడు నెట్ ఆగితే మనకు కోపం వస్తుంది గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో నెట్ సాఫీగా నడిస్తేనే అనుమానం వచ్చేది. ఇంటిపట్టున కూర్చుని ఉద్యోగం చెయ్యడమనే మాట మా పల్లెలోకి అప్పుడప్పుడే అడుగు పెట్టింది. దర్శికి దగ్గర్లో, చుట్టూ పత్తి చేలున్న ఊరు మాది. అక్కడి లెక్కలో ఉద్యోగమంటే పొద్దున్నే టిఫిన్ క్యారేజీ పట్టుకుని బస్సెక్కాలి, సాయంత్రం మొహం వేలాడేసుకుని దిగాలి. నేనేమో శుభ్రంగా తల దువ్వుకుని, పైన మంచి చుడీదార్ టాపూ, కింద వెలిసిపోయిన పాత ప్యాంటూ వేసుకుని వరండాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. (కెమెరాకి కనిపించేంతవరకే ఉద్యోగం, దాని కిందంతా ఇల్లే.) దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏం అమ్మాయ్, ఇంకా చదువైపోలేదా?" అని అడిగేవాళ్ళు. ఉద్యోగమండీ అంటే, "కానీలే, ఖాళీగా ఉండేకంటే నయమేగా" అని నన్నే ఓదార్చి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ సంగతి పోనీండి, నాన్న కూడా అంతే. నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే, "అదేందో, పొద్దస్తమానం కంప్యూటర్తో మాట్లాడుద్ది" అని చెప్పి, వెంటనే వానల సంగతి ఎత్తుకునేవాడు. పైకి నవ్వేదాన్ని గానీ, అది నాకు చాలా కష్టంగా ఉండేది.

హైదరాబాదులో ఉన్న ఒక చిన్న కంపెనీ, కొట్లలో బిల్లులు వేసుకునే సాఫ్ట్‌వేరు అమ్మేది. దాన్ని ఎలా వాడాలో కొట్టు యజమానులకు స్క్రీన్ మీద చూపిస్తూ చెప్పడం నా పని. వాగడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, కాబట్టి పని తేలికే. చిక్కంతా నెట్‌తోనే. పొద్దున్నే కాసేపు బాగానే ఉండేది. ఎండ ముదిరేకొద్దీ నీరసపడి, మాట మధ్యలో నా బొమ్మ బిగుసుకుపోయేది. అదేం చిత్రమో, ఎప్పుడూ నేను నోరు బారుగా తెరిచినప్పుడే ఆగేది. టీములో సగం మందికి నేను ఆవలిస్తున్న మనిషిగానే గుర్తు. మా పైఅధికారిణి నెమ్మదస్తురాలు. ఆవిడకు నేను మనసులో 'వినబడుతోందా మేడమ్' అని పేరు పెట్టుకున్నాను, ఎందుకంటే రోజు మొత్తంలో ఆవిడతో నేను తెగకుండా అనగలిగిన మాట అదొక్కటే. అంతటి ఓపికస్తురాలూ చివరికి ఓ సోమవారం పూట, "చూడమ్మా, శుక్రవారం పెద్ద పార్టీకి డెమో ఉంది. అది కూడా ఇలాగే ఆగి ఆగి నడిస్తే నిన్ను పర్మనెంట్ చెయ్యమని పైవాళ్ళకి నేను చెప్పలేను" అంది. ఆ మాట మాత్రం ఒక్క అక్షరం తెగకుండా వినబడింది.

ఇక మా రౌటరు సంగతి. కేబులతను ఎవరింట్లోనో కొత్తది బిగించి, అక్కడ ఊడదీసిన పాతదాన్ని మాకు తగిలించి పోయాడు. దానికి రెండు కొమ్ములు. ఒకటి విరిగితే టేపు చుట్టాడు. వైరు పెరటి వైపు నుంచి వచ్చింది కాబట్టి నడిమి గది వెనక గోడకున్న గూట్లో దాన్ని పెట్టాడు. దాని స్విచ్చి మాత్రం గోడకి ఇవతల, హాల్లో ఉంది. అంటే ఆపి వెయ్యాలన్నా నేను రౌటరు మొహం చూడాల్సిన పనే లేదు. నెట్ నెమ్మదించినప్పుడల్లా కేబులతనికి ఫోన్ చేసేదాన్ని. "ఆపి వెయ్యండి మేడమ్" అనేవాడు. ఆపి వేస్తే కాసేపు లేచి కూర్చుని, మళ్ళీ పడకేసేది. చూసి పొమ్మంటే, "మీ ఊళ్ళో అందరికీ బాగానే వస్తోందండీ" అనేవాడు.

సరే, కంప్యూటర్లు చదువుకున్నదాన్ని, నేనే ఓ పట్టు పడదామని దిగాను. ఇంటర్నెట్ నిండా సలహాలే. (ఆ సలహాలు చదవడానికి కూడా ఇంటర్నెట్ కావాలి, అది వేరే బాధ.) ముందు పాస్‌వర్డ్ మార్చాను, ఎవరో తెలియనివాళ్ళు వాడేస్తున్నారేమోనని. తెలియనివాళ్ళెవరూ లేరు గానీ, సాయంత్రానికి పక్కింటి బాబాయి గోడ మీంచి తొంగిచూసి, "అమ్మాయ్, మీ నెట్టుకేమైందే పాపం?" అని జాలిపడ్డాడు. అమ్మ వెంటనే కొత్త పాస్‌వర్డ్ చెప్పేసింది. "అదేంటమ్మా!" అంటే, "అడిగితే లేదని ఎట్టా అంటామే? రేపు మనకి పాలల్లోకి తోడు కావాలంటే యాడికి పోతాం?" అని నన్నే కసిరింది. తర్వాత ఛానెల్ మార్చాలని చదివాను. ఇరుగుపొరుగు వైఫైలన్నీ ఒకే దారిన పోతుంటే మనది దారి మార్చుకోవాలట. మార్చాను. గోడలు, ఇనప బీరువాలు, అద్దాలు, నీళ్ళ తొట్లు అడ్డం ఉండకూడదట. ఇల్లంతా తిరిగి చూశాను, రౌటరుకీ నాకూ మధ్య ఇనుమూ లేదు, నీళ్ళూ లేవు. పత్తి మాత్రం ఉంది. పత్తి ఆ జాబితాలో లేదు. ఆ జాబితాలు రాసినవాళ్ళ ఇళ్ళల్లో పత్తి పొయ్యరు కదా!

మా ఇళ్ళల్లో పోస్తారు. రేటు వచ్చేదాకా అమ్మకూడదని నాన్న పంతం పడితే, ఆ యేటి పత్తంతా నడిమి గదిలోకి చేరాల్సిందే. మొదటి తీత, అంటే చేలో మొదటిసారి తీసిన పత్తి, గది మూలన బుద్ధిగా కూర్చుంది. రెండో తీతకి మంచం బయటికొచ్చింది. మూడో తీతకి కిటికీ మూసుకుపోయి, గుట్ట అటకని అందుకుంది. పత్తి గదికి మా ఇంట్లో మడి గదికంటే ఎక్కువ కట్టుబాట్లు. చెప్పులతో గడప తొక్కకూడదు. చుట్ట కాల్చేవాళ్ళు ఆ ఛాయలకే రాకూడదు. వైరెక్కడైనా నిప్పు రాజేస్తుందేమోనని నాన్న ఆ గదిలో బల్బు కూడా పీకేశాడు. రౌటరు మాత్రం అలాగే ఉండిపోయింది. అది వెలుగివ్వదు, తిరగదు, మోగదు. అదీ కరెంటు వస్తువేనని మాలో ఎవరికీ తట్టలేదు. మూడో తీత పోస్తున్న రోజు నాన్న, "ఏమే, నీ డబ్బా మునుగుతోంది, పర్లేదా?" అని అడిగాడు కూడా. "గోడలే దాటుకుని వస్తుంది నాన్నా, దూది ఓ లెక్కా!" అని నేను పెద్ద ఇంజనీరులా చెప్పాను. నా చదువు మీద గౌరవంతో ఆయన ఇంకో రెండు గంపలు దాని మీదే కుమ్మరించాడు.

పత్తి నిలవ పెట్టినవాళ్ళకు రోజూ ఒక పనుంటుంది. గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూడాలి. తడి పత్తి పోస్తే లోపల కాగి, రంగు తిరుగుతుంది. రంగు తిరిగిన పత్తిని ఎవరూ కన్నెత్తి చూడరు. నాన్న రోజూ గుట్టెక్కి, జ్వరం చూసే డాక్టరులా అక్కడక్కడా చెయ్యి పెట్టి చూసేవాడు. డెమో ఉన్న ఆ వారంలోనే ఓ రోజు వెనక గోడ వైపు చెయ్యి పెట్టి, మొహం నల్లగా చేసుకుని బయటికొచ్చాడు. "పత్తి కాగుతోంది" అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా, "మంచు ఆరకుండానే తీయించావు గదా!" అని అమ్మ మీదకి వెళ్ళాడు. మూడో తీతకి కూలీల వెంట ఉన్నది అమ్మే మరి. "ఎండెక్కిందాకా ఒక్కరిని చేలో దిగనివ్వలేదయ్యా! కావాలంటే వాళ్ళనే అడుగు!" అని అమ్మ గట్టిగానే తగులుకుంది. అక్కణ్ణుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పాలన్నా నాతోనే. నేను ఎవరికో జీఎస్టీ బిల్లు ఎలా కొట్టాలో చెబుతుంటే, ఓ పక్క నుంచి "మీ అమ్మని అన్నం పెట్టమను", ఇంకో పక్క నుంచి "గిన్నెలో ఉంది, పెట్టుకోమను". ఇంట్లో నెట్‌కంటే నేనే బాగా పనిచేస్తున్నానని అనిపించేది.

శుక్రవారం రానే వచ్చింది. పెద్ద పార్టీ అంటే నరసరావుపేటలో పురుగుమందులు, విత్తనాలు అమ్మే పెద్ద కొట్టాయన. మేడమ్ కూడా కాల్‌లో ఉంది. సరిగ్గా ఆ పొద్దునే నాన్న, ఇక ఆగితే సరుకంతా పోతుందని, పత్తి మొత్తం పెరట్లోకి లాగి ఎండబెట్టడానికి పూనుకున్నాడు. మాటల్లేకపోయినా అమ్మ కూడా కొంగు బిగించి దిగింది. "కాసేపు చప్పుడు చెయ్యొద్దు, నా ఉద్యోగం పోద్ది" అని ఇద్దరికీ దణ్ణం పెట్టి వచ్చి వరండాలో కూర్చున్నాను. మొదట్లో యథాప్రకారమే. స్క్రీన్ కదలదు, ఆయన "ఏందమ్మా, బొమ్మ నిలబడిపోయింది" అంటాడు, నాకు చెమటలు. అలా నత్తలా నడుస్తున్నది, ఏమైందో గానీ, కాసేపటికి మెల్లగా ఊపందుకుంది. గొంతు తేరుకుంది. స్క్రీన్ మీద అంకెలు చకచకా కదిలాయి. మేడమ్ ఆశ్చర్యపోయి, "ఈ రోజు మీ నెట్ చాలా బాగుందే!" అంది. నేను గర్వంగా జుట్టు సర్దుకుని, "రౌటరు సెట్టింగ్స్ నేనే మార్చానండీ, ఛానెల్‌లో ప్రాబ్లం" అన్నాను.

ఆ మాట పూర్తవకముందే లోపల్నుంచి నాన్న కేక. "ఒసేయ్! నీ డబ్బా కాలిపోతోందే! పెనం లాగుంది!" ఆ వెనకే అమ్మ, "వైరు పీకెయ్యి, ముందు వైరు పీకెయ్యి!" ఆ గొడవ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదే. మైకు ఆన్‌లో ఉందనీ మర్చిపోయి, "లాగొద్దు నాన్నా! నీకు దణ్ణం పెడతా, డెమో అయ్యేదాకా లాగొద్దు!" అని ఊరంతా వినబడేలా అరిచాను. ల్యాప్‌టాప్ అలాగే చంకన పెట్టుకుని పరుగెత్తి గుమ్మంలో నిలబడ్డాను. నాన్న నడుముదాకా పత్తిలో నిలబడి, తలపాగా గుడ్డతో రౌటరుని పట్టుకుని, పత్తి అంటకుండా తలకంటే ఎత్తుకి ఎత్తాడు. అమ్మ పక్కన నీళ్ళ బిందెతో సిద్ధంగా ఉంది. ఆయన నా మొహం చూశాడు. "కానీ, త్వరగా కానీ" అన్నాడు.

నేను గుమ్మంలోనే చతికిలబడి మిగతా డెమో ఇచ్చాను. కొమ్ములు రెండూ ఇంటి కప్పు వైపు చూస్తుండగా, మా ఇంట్లో అంతకుముందు ఎన్నడూ లేని స్పీడు వచ్చింది. కొట్టాయన నా తలనిండా అంటుకున్న దూదిని, వెనక తెల్లటి గుట్టనీ చూసి, సాఫ్ట్‌వేరు మాట వదిలేశాడు. "మీదీ పత్తేనా అమ్మాయ్? ఎన్నో తీత?" అన్నాడు. మూడోదండీ అన్నాను. "ఆ వెనక చేతులెత్తి నిలబడ్డ పెద్దమనిషెవరు?" అన్నాడు. "మా నాన్నండీ. నెట్ పట్టుకున్నారు" అన్నాను. ఆయన పగలబడి నవ్వి, "తీసుకుంటాంలేమ్మా, ముందాయన్ని చేతులు దించమను" అన్నాడు. మేడమ్ స్క్రీన్‌లో మొహం పక్కకి తిప్పుకుని నవ్వడం చూశాను. ఉద్యోగం నిలబడింది.

కాల్ కట్ చేశాక అప్పుడు భయం పట్టుకుంది. నాన్న రౌటరుని పెరట్లో బండ మీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. అది చల్లారిందో లేదోనని మాటిమాటికీ చెయ్యి పెట్టి చూస్తున్నాడు. బల్బు పీకేసిన మనిషి, అంతకంటే వేడిదాన్ని పత్తిలో పాతిపెట్టాడు, అదీ నా మాట విని. అది పాపం ఊపిరాడక ఉడికిపోతుంటే నేను ఛానెళ్ళు మార్చుకుంటూ కూర్చున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన తిట్టలేదు. తిట్టే ఛాన్సు అమ్మ తీసుకుంది, అదీ నన్ను కాదు. "మంచులో తీయించానా? నేను మంచులో తీయించానా?" అని సాయంత్రం దాకా ఆయన్ని వాయిస్తూనే ఉంది. నాన్న, "సర్లేవే, డబ్బాకి జ్వరమొస్తే పత్తికనుకున్నా" అని తలొంచుకున్నాడు.

మర్నాడు పత్తి మళ్ళీ గదిలోకి చేరింది. మంచాల కింద, అటక మీద, వంటింటి మూల కూడా సర్ది, వెనక గోడ దగ్గర మాత్రం మనిషి కూర్చునేంత జాగా వదిలాడు నాన్న. అడ్డంగా చెక్కలు కట్టి, కిటికీ తెరిచి, రౌటరుని కిటికీ కమ్మీకి పైన, పత్తికి దూరంగా కట్టాడు. కింద ఒక కుర్చీ వేశాడు. "సిగ్నలు ఇక్కడే బాగుంటుంది గదా, ఇక్కడే చేసుకో నీ ఉద్యోగం" అన్నాడు. ఆయన నోటి నుంచి 'నీ ఉద్యోగం' అన్న మాట వినడం అదే మొదటిసారి. పత్తికి చాలని ఇంట్లో నాకంత చోటిచ్చాడు.

ఆ చలికాలమంతా నేను అక్కడే పని చేశాను. నాన్న గుట్టలో చెయ్యి పెట్టి చూడ్డానికి రోజుకోసారి వచ్చేవాడు కాస్తా, రెండుసార్లు, మూడుసార్లు రావడం మొదలుపెట్టాడు. చెయ్యి లోపల పెట్టి, తియ్యడం మర్చిపోయి, నేను మాట్లాడేదంతా వినేవాడు. ఓ రోజు కాల్ అయ్యాక, "వాపసిచ్చిన సరుకు ఎట్టా రాయాలో ఆయనకి చెప్పలా నువ్వు" అన్నాడు. నిజమే, మర్చిపోయాను. మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను.

మాఘమాసంలో రేటు వచ్చింది. లారీ వచ్చి గదంతా ఊడ్చుకుపోయింది. నెట్ మునుపటికంటే బాగుంది, అడ్డమే లేదు కదా. నాన్నకి మాత్రం ఇక ఆ గదిలో చెయ్యి పెట్టి చూడాల్సిన పనేమీ లేదు. నాలుగైదు రోజులు గడిచాక మేడమ్ కాల్‌లో, "ఏమ్మా, నీ గొంతు అదోలా మోగుతోందేంటి? గది మారావా?" అని అడిగింది. "లేదండీ, పత్తి అమ్మేశాం" అన్నాను. నాన్న వచ్చాడేమోనని అలవాటుగా గుమ్మం వైపు చూశాను, ఎవరూ లేరు. ఇంకో మాట మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందని, కళ్ళు ఆర్పకుండా, నోరు కొంచెం తెరిచి, నెట్ ఆగిపోయినట్టు కదలకుండా కూర్చున్నాను. బొమ్మలా బిగుసుకుపోయి కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. మేడమ్ నమ్మింది పాపం. మా ఇంట్లో నెట్ అంత బాగా ఎప్పుడూ రాలేదు.