నడుమల స్టెప్పు

ఈరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ ఫ్లెక్సీ చూసి ఒళ్లు మండింది. "స్టెప్పులు లేకుండానే లెక్కలు" అట. దాని మీద నవ్వుతున్నది మన కొత్తపేట ట్యూషన్ సారే!

గుర్తుందా మీకు, ట్యూషన్ దోస్తులూ, ట్రిగనామెట్రీ లెక్కను ఎడమవైపు నుంచి కొంత, కుడివైపు నుంచి కొంత చేసుకొచ్చి మధ్యలో అతికించేవాళ్లం? సారు సరిగ్గా ఆ అతుకు మీదే వేలు పెట్టేవాడు. "నడుమల స్టెప్పు ఏదిరా, దొంగా?" అంటూ చెక్క స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. జామెట్రీ బాక్సులోని రబ్బరు వాసన తగిలితే నా వేళ్లు ఇప్పటికీ ముడుచుకుంటాయి.

ఫ్లెక్సీ మీది నంబరుకు ఫోన్ చేశాను.

"సార్, మీ పాత స్టూడెంట్‌ను. గా స్కేలుకు, గీ ఫ్లెక్సీకి నడుమల స్టెప్పు ఏది?" అన్నాను.

సారు టక్కున ఫోన్ పెట్టేశాడు. అదృష్టవంతుడు, నా చేతిలో స్కేలు లేదు.