మా ఇంటికి మోటుతనం వచ్చిన కథ

మొన్న మా మనవరాలు అన్నం ముందు కూర్చుని పకపకా నవ్వితే, వాళ్లమ్మ "ఏంటా మోటుతనం?" అని కసిరింది. పిల్ల నావైపు తిరిగి, "ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది నానమ్మా?" అని అడిగింది. పండితులేమంటారో నాకు తెలియదు. బాన్సువాడలో మా ఇంటికి మాత్రం అది మా పెద్దమ్మతోపాటే కాపురానికి వచ్చింది.

పెద్దమ్మ పుట్టింట్లో మగపిల్లలు లేరు. బావి దగ్గర మోట కొట్టి పొలానికి నీళ్లు తోడింది ఆమే. తోలు బొక్కెన పైకి రావాలంటే ఎడ్లు వాలులోకి దిగాలి. అది మళ్లీ నీళ్లలో మునగాలంటే, ఎడ్లు వెనకడుగు వేస్తూ వాలు ఎక్కాలి. వాటిని అలా వెనక్కి నడిపించడానికి గొంతు కావాలి. ఆ గొంతునీ, ఆ పెద్ద పెద్ద అంగల్నీ, నలుగురిలో నోరారా నవ్వడాన్నీ ఆమె అత్తారింటికి తెచ్చుకుంది. పుట్టింటివాళ్లు అరణంగా ఇచ్చిన మోట ఎడ్లు కూడా వెంట వచ్చాయి. దుకాణం నడుపుకునే మా ఇంట్లోనేమో గుసగుసలే మర్యాద. "మోట కొట్టినదానికి మోటుతనం గాక ఇంకేమొస్తది?" అనేది మా నాయనమ్మ. నాకు మాత్రం పెద్దమ్మ నవ్వంటే ప్రాణం.

మేనత్తను చూడవచ్చిన పెళ్లివారి ముందు ఒకనాడు ఆ నవ్వు ఆగలేదు. సంబంధం తప్పిపోయింది. మర్నాడే నాయనమ్మ, కోడల్నీ ఎడ్లనీ పుట్టింటికి అప్పగించి రావడానికి బండి కట్టించింది. పెద్దనాన్న తల్లికి ఎదురు చెప్పలేక పగ్గాలు పట్టుకున్నాడు. నేనూ నాయనమ్మా బండిలో కూర్చున్నాం. పెద్దమ్మ వెనకాల ఏడుస్తూ నడిచింది.

నిండుగా పారుతున్న కాలువ గట్టు మీదికి రాగానే దాహంతో ఉన్న ఎడ్లు నీళ్లవైపు దిగిపోయాయి. బండి ముందుకు ఒరిగింది. పెద్దనాన్న ఎంత గుంజినా అవి ఆగలేదు. నాయనమ్మ నన్ను కరుచుకుని దేవుళ్లందరినీ పిలిచింది. అప్పుడు వెనకనుంచి లేచింది పెద్దమ్మ గొంతు.

"ఎనుకకూ... రా నాయనా, ఎనుకకూ!"

ఎడ్లు చెవులు రిక్కించాయి. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, మమ్మల్ని గట్టు మీదికి తెచ్చి నిలబెట్టాయి.

"ఇగ ఏం జూస్తున్నవ్‌ రా, బండి ఇంటికి మలుపు" అంది నాయనమ్మ కొడుకుతో. తరువాత వంగి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఎక్కు బిడ్డా."

ఆ రోజు బజారంతా వినబడేలా నవ్వుతూ వచ్చింది పెద్దమ్మ. ఎవ్వరూ ఆపలేదు. ఆ తరువాత చుట్టాలెవరొచ్చినా నాయనమ్మ తలెత్తుకుని, "మా పెద్దకోడలు మోటుది" అని మరీ చెప్పేది.

ఆ మోటబావులు పూడిపోయాయి, ఆ గొంతూ పోయింది. కానీ ఇన్నేళ్ల తరువాత ఆ మాట పుట్టుక చెప్పడానికి నేను మిగిలి ఉన్నానంటే, అది ఆ మోటుతనం చలవే.