చిన్నమ్మ రాయిలో సిలికాన్ గీత

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ఆ రాయిని నా చేతిలో పెట్టేముందు తలుపు మూసింది, కిటికీ కూడా మూసింది. తుగ్గలి చేలల్లో తొలకరి పడితే చాలు, జనమంతా నేల మీదే కళ్లు పెట్టుకుని తిరుగుతారు, వజ్రం దొరుకుతుందని. దొరికినవాళ్లు నోరు విప్పరు. పక్కింటికి తెలిస్తే వ్యాపారికి చేరుతుంది, వ్యాపారి చవగ్గా కొట్టేస్తాడని భయం. చిన్నమ్మ అయితే కట్టుకున్న మొగుడికే చెప్పలేదు.

"ఎమ్మిగనూరులో బంగారమంగడి ఆయప్పకు సూపిస్తి. సూసి నగినాడు. నగినాడంటే ఏందో ఉందప్పా దాంట్లో," అంది. "నువ్వు సుక్కల్లో ఏముందో సెప్తావంట గదా. సేతిలో రాయి సంగతి సెప్పలేవా?"

చూడగానే నాకది పలుగురాయి అనిపించింది. ఆ మాటే అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. వానల్లేక ఎండిన చేనును అమ్మేద్దామంటున్నాడు చిన్నాయన. ఈ రాయి అమ్ముడుపోతే బోరు వేయించి చేను నిలుపుకోవాలని ఆమె ఆశ. కాదనలేక జేబులో వేసుకున్నాను.

నేను ఆదోనిలో ఫిజిక్సు లెక్చరర్ని. సెలవుల్లో బెంగళూరు పోయి జంట నక్షత్రాల మీద పరిశోధన చేస్తాను. జంటలో ఒకటి బతికున్నది, ఇంకొకటి చచ్చి గట్టిపడినది. చచ్చినది బతికున్నదాని వాయువును గుంజుకుంటుంది. ఆ వాయువు కాగి కాగి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. ఉపగ్రహం పట్టి పంపిన ఆ ఎక్స్‌రేలను శక్తిని బట్టి విడదీస్తే ఇనుము గీత ఒకచోట, సిలికాన్ గీత ఇంకోచోట, దేని చోటు దానిదే. గీత కనబడగానే మేం సంబరపడిపోం. ముందు అనుమానిస్తాం. ఇది నక్షత్రానిదా, మన పరికరంలోంచే వచ్చిందా? పరికరంలోనూ సిలికాన్ ఉంటుంది మరి!

బెంగళూరు ల్యాబులో రాయి మీద ఎక్స్‌రే వేసి, తిరిగి వచ్చేదాన్ని కొలిచే యంత్రం ఉంది. అందులో చిన్నమ్మ రాయి పెట్టాను. సిలికాన్ గీత నిటారుగా లేచింది. వజ్రమంటే ఉత్త కార్బన్, అందులో ఉండకూడని గీత అది. ఆమె ఆశ గుర్తొచ్చి నమ్మబుద్ధి కాలేదు. రాయి తీసేసి ఖాళీగా నడిపాను, గీత లేదు. మళ్లీ పెట్టాను, ఉంది. పలుగురాయే.

తర్వాతి ఆదివారం, నా దగ్గరే ఉండే అమ్మను తీసుకుని తుగ్గలి పోయాను. మళ్లీ తలుపు మూత. గ్రాఫు కాగితం పరిచి, గీత చూపించి, ఓపిగ్గా చెప్పుకొచ్చాను. చిన్నమ్మ కాగితం వైపే చూడలేదు. రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నాది కాదప్పా."

"అయ్యో, నువ్విచ్చిందిదే చిన్నమ్మా!"

"నాదానికి ఈ మూల సన్న జీర ఉండె."

"లేదు. మొదట్నుంచీ ఇట్లే ఉంది."

"నువ్వు మార్చినావని నేనంటినా? ఆడ ఎవురెవురి సేతుల్లో పడెనో."

నాకు ఒళ్లు మండిపోయింది. యంత్రంలో పెట్టింది నేనే, తీసింది నేనే, ఇక్కడికి తెచ్చింది నేనే, ఇంకెవరూ ముట్టుకోలేదని అరిచాను. అరుస్తుండగానే తెలుస్తోంది, అన్నిటికీ నేనే నేనే అంటే దోషం కూడా నా మీదికే వస్తుందని. ఖాళీగా నడిపి చూశానని చెప్పి ఏం లాభం? నడిపింది కూడా నేనే కదా. మధ్యలో ఏం కలిసిందని నక్షత్రాలను నేను రోజూ అడుగుతాను, అడిగినందుకు గర్వపడతాను. అదే మాట చిన్నమ్మ నన్ను అడిగేసరికి ప్రాణం చివుక్కుమంది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "పోనీలేప్పా, అన్నం తిని పోండి," అంది. మజ్జిగ పోస్తూ నా మొహం చూడలేదు. చేను సంగతి ఎత్తితే, "అమ్మేస్తాంలే," అని గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

తిరుగు బస్సులో అమ్మ ఆస్పరి దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. చెల్లెలి మీద కోపంతో రగిలిపోతోందేమో అనుకున్నాను. "పోనీలేమ్మా, ఆశ కొద్దీ అనింది," అని నేనే సర్దిచెప్పాను.

అమ్మ చుట్టూ చూసింది. ముందు సీట్లో వాళ్లు కునుకు తీస్తున్నారు. నా చెవి దగ్గరికి వంగింది.

"నాకు మాత్రం సెప్పు నాయనా. అసలు రాయి యాడ పెట్టినావు?"