మత్తు లేని బీరు కాచిన సారు

సౌదీలోని దమ్మామ్‌లో మా ఫ్యాక్టరీలో బార్లీతో మత్తు లేని బీరు చేస్తారు. నాది పైపుల మెయింటెనెన్స్. బీరు కాచే పని చూసుకునే పెద్దసారు ఐర్లండ్ మనిషి. అరవైకి దగ్గరపడ్డాడు. ఆయన నాన్న బతుకంతా ఎవరిదో బీరు ఫ్యాక్టరీలో పీపాలు కడిగాడట. అందుకే సొంతంగా ఒకటి పెట్టాలని, ఇంటిల్లిపాదీ అందులోనే పనిచెయ్యాలని ఈయన ఆశ.

మాది కల్లు గీసే ఇల్లని తెలిసిన రోజు నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు.

"కల్లులో ఈస్ట్ ఎవరు కలుపుతారు?"

"ఎవ్వరూ కలపరు సార్. చెట్టుకు కట్టిన లొట్టిలో పడ్డకాన్నుంచి అదే పొంగుతది," అని నా వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పాను.

నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది.

"ఇక్కడ నా పని పొంగకుండా ఆపడం. పొంగుతున్న పీపా పక్కన నిలబడి ఎన్నేళ్లయిందో."

నాకు పొద్దుటిపూట మా ఈతవనం వాసన గుర్తొచ్చింది.

ఆ ఎండాకాలం ఆయన భార్య ఫోన్ చేసింది. వాళ్ల ఊరి బయట మూతపడ్డ పాలకేంద్రం అమ్ముతున్నారట, బీరు కాయడానికి సరిపోతుందట. సారు వెంటనే ఉద్యోగం వదిలి ఇంటికి పోవడానికి ఫైనల్ ఎగ్జిట్ పెట్టుకున్నాడు. వెళ్లేముందు శుక్రవారం మా లేబర్ క్యాంపు గదికొచ్చి, కింద కూచుని కోడికూర తిన్నాడు. కారానికి కళ్లు తుడుచుకుంటూనే ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

"నువ్వెప్పుడు వెళ్తావు?"

"చూడాలె సార్," అన్నాను. ఊళ్లో మా అన్న కూడా కల్లుగీత మానేసి ఆటో నడుపుతున్నాడని చెప్పబుద్ధి కాలేదు.

ఐర్లండ్‌లో మొదటిసారి కాచింది చెడిపోయి అంతా పారబోశారట. ఆ మాట ఫోన్లో చెప్పాడు. రెండోది కుదిరింది. వీడియో కాల్ చేసి అంతా తిప్పి చూపించాడు. కూతురు రబ్బరు బూట్లేసుకుని పీపాలు కడుగుతోంది. భార్య సీసాలకు లేబుళ్లు అంటిస్తోంది. గేటు మీద వాళ్ల ఇంటిపేరు. చివరికి పొంగుతున్న నురగ మీదికి ఫోన్ వంచాడు. వాసన రాదని తెలిసీ నేను ఫోన్ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు అప్పుడప్పుడు శుక్రవారాల్లో మాట్లాడతాడు. అక్కడ ఎప్పుడూ వానేనట, బట్టలు ఆరవట. మొన్న ఫోన్ చేసి, "ఒకసారి బయటికి వెళ్లు. అక్కడి ఎండ చూడాలనుంది," అన్నాడు.

క్యాంపు ముందుకొచ్చి ఫోన్ తిప్పాను. కంపెనీ బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. గోడ నీడలో ఒక పఠాన్ చాయ్ తాగుతున్నాడు. సారు ఇంకా చూస్తూనే ఉన్నాడు. చెయ్యి గుంజుతున్నా నేను ఫోన్ దించలేదు.