గాలాడని పలకలు

ఆనందపురం దాటాక మాకు ముప్పాతిక ఎకరం తోట ఉంది. తోట అని నేనంటాను, అడవి అని మా బావ అంటాడు. జీడిమామిళ్ళు, వరస తప్పిన టేకు చెట్లు, కంచె పొడుగునా వేపలు, నడుమ ఒకే ఒక్క పనస. కొన్నది నాన్న. గోపాలపట్నంలో కిరాణా కొట్టు నడిపిన మనిషి కాబట్టి మొక్కల్ని కూడా సరుకులాగే చూశాడు. జీడి ఏటా చేతికొచ్చేది, టేకు ఆగి అమ్ముకునేది. పనస ఎందుకు వేశాడో మాత్రం లెక్కకి అందదు. అమ్మకి తప్ప మా ఇంట్లో ఎవరికీ ఆ వాసన పడదు. అమ్మనడిగితే, "ఏటో, ఆయనకి తోసింది, ఏసినాడు" అని మొహం పక్కకి తిప్పుకునేది.

నాన్న పోయిన మూడో ఏడు తుఫానుకి ఆ పనస వేళ్ళతో సహా పడిపోయింది. అమ్మ చూడ్డానికి వచ్చింది. పడిన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, బెరడు మీద చెయ్యి వేసి, "దీంతోటి కొట్టు ముందర బల్ల సేయించరా. నలుగురు కూకోవాల" అంది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా కొట్టు అరుగు పోయింది. అప్పట్నించీ వచ్చినవాళ్ళు నిలబడే సరుకు తీసుకుని వెళ్ళిపోతారు. కూర్చున్నవాడు ఇంకో రెండు వస్తువులు గుర్తు తెచ్చుకుంటాడని నాన్న సిద్ధాంతం. అమ్మ ఆలోచన మాత్రం వ్యాపారం కాదని ఆ రోజు నాక్కూడా అర్థమైంది. నాన్న పోయాక ఆవిడ నన్ను అడిగింది ఆ ఒక్కటే.

కలప కోసే సామిల్లు ఆయన్ని పిలిచాను. ఆయన దుంగ చూశాడు, దారి చూశాడు. "లారీ లోనకి రావాలంటే ఆ రెండు జీడిసెట్లూ తీసెయ్యాలండి."

"ఒకటి తీస్తే సరిపోదా?"

"లారీలో సగం లోనకొచ్చి ఏటి సేత్తాదండి?"

పోనీ దుంగ ఇక్కడికిక్కడే ఇచ్చేయండి, నేనే కొనుక్కుంటానన్నాడు. అమ్మే ఉద్దేశం నాకు లేదు. కానీ ఎదుటివాడు ఒక ధర చెప్పాక ఊరుకోవడం మా వంశంలో లేదు. పావుగంట బేరమాడాను. చివరికి నా ధరకే ఒప్పుకుని ఆయన తాడు తీసి చుట్టుకొలత మొదలుపెట్టేసరికి, ఇది మా అమ్మ బల్ల కదా అని గుర్తొచ్చింది. అమ్మేది లేదని చెప్తే ఆయన తాడు చుట్టుకుంటూ నన్ను పైనించి కిందకి చూశాడు. "అమ్మనోడివి ధర ఎందుకు పెంచినావు బాబూ?"

దుంగ కదలదు కాబట్టి రంపమే దాని దగ్గరికి రావాలన్నాడు మా బావ. ఆయన మా అక్క మొగుడు. ఉక్కునగరంలో క్వార్టరు, ప్లాంటులో షిఫ్టులు. ఇనుము మాట వింటుంది, మనుషులే వినరని ఆయన ఫిర్యాదు. చైన్ సా కొనే పని నాకు అప్పగించాడు. గంటన్నర బేరమాడి, షాపువాడికి నీరసం వచ్చాక, గెలిచి తెచ్చాను. బావ అట్టపెట్టె విప్పి బ్లేడు మీద జాన వేసి కొలిచాడు.

"ధర తగ్గించమంటే బ్లేడు తగ్గించినాడు బావా నీకు. సంతకం ఎట్టి మరీ తెచ్చుకున్నావు."

దుంగ లావు, బ్లేడు పొట్టి. చేసేది లేక దుంగని రెండు పక్కలా చెక్కి సన్నం చేశాం. బావ ఇనప గొట్టాలతో ఒక చట్రం తయారు చేసి రంపానికి బిగించాడు. కొట్లో పై అరలు అందుకోవడానికి వాడే అల్యూమినియం నిచ్చెనని దుంగ మీద పడుకోబెట్టి మేకులతో ఆపాం. మొదటి కోతకి అదే రైలు పట్టా. నిచ్చెన తిన్నగా ఉంటే కోత తిన్నగా వస్తుంది, ఆ తర్వాత ప్రతి పలకా ముందు పలక చదునునే పట్టుకుని పోతుంది. చూడ్డానికి సులువు. మోకాళ్ళ మీద వంగి, అడుగుకి పది శ్వాసల చొప్పున రంపాన్ని నెట్టుకుంటూ పోతే ఆ సులువు ఏమిటో నడుముకి తెలుస్తుంది. కోత మూసుకుపోయి బ్లేడు పట్టేయకుండా వెనకనించి నేను చెక్కముక్కలు దూర్చేవాణ్ణి.

చెట్టుని అడ్డంగా కోస్తే పొట్టు బొంబాయి రవ్వలా పడుతుంది. నిలువునా కోస్తే శనగపిండే. పనస లోపల అంత పసుపని నాకు తెలీదు. బావ కనుబొమ్మలు, నా చొక్కా జేబు, పక్కన టీ ఫ్లాస్కు, అన్నీ అదే రంగు. రోజుకి ఒక పలక, మహా అయితే రెండు. ఆదివారాలు మూడు పట్టాయి. అయిదు పలకలు వచ్చాయి.

ఆ ఆదివారాల్లోనే తోటపని కూడా నేర్చుకున్నాను. తుఫానుకి విరిగిన టేకు మొదళ్ళ నించి గుత్తులుగా చిగుళ్ళు వచ్చాయి. ఒక చెట్టు పోతే ఆరు వచ్చాయని నేను మురిసిపోతుంటే బావ కత్తితో అయిదు కొట్టేశాడు. "అన్నీ ఉంచితే ఏదీ సెట్టవదు బావా." వేసవికి ముందే జీడి ఆకు ఊడ్చి కంచె పక్కన మట్టి తేల్చాలి, నిప్పు దాటకుండా. చెట్టు పడిన చోట వెలుతురు దిగి వేప మొక్కలు లేస్తే పీకకూడదు. నాకు ఆకు ఊడ్చడం ఇష్టంగా ఉండేది. పొద్దున్నే కొట్టు ముందు చిమ్మినట్టే ఉంటుంది, ఎవరూ ఉప్పు ప్యాకెట్ అడగరు, అంతే తేడా.

ఆఖరి పలక కోసిన రోజు బావకి మధ్యాహ్నం బి షిఫ్టు. బండెక్కుతూ, "పలకల మద్దిలో పుల్లలెట్టు బావా" అన్నాడు. అలాగే అన్నాను. అన్నానే గాని, సరుకు సర్దడం కొట్లో పుట్టినవాడికి ఇంకొకరు చెప్పాలా అనుకున్నాను. మా గోదాములో మొదటి సూత్రం, సందు ఉంటే ఎలక ఉంటుంది. రెండోది, గాలి తగిలితే బెల్లం చెమరుస్తుంది, అప్పడం మెత్తబడుతుంది, ఇంగువ వాసన పోతుంది. అందుకని పలక మీద పలక అంచు తప్పకుండా పేర్చి, తార్పాలిన్ చుట్టి, తాడుతో బిగించాను. చీమ దూరే సందు లేదు. ఆ కట్టు చూసి నాన్న ఉంటే మెచ్చుకునేవాడని కూడా అనుకున్నాను.

వానాకాలమంతా అమ్మ వారానికోసారి అడిగేది. "ఎండిందేటి?" ఎండుతోంది అనేవాణ్ణి.

కార్తీకంలో విప్పాం. నల్లటి బూజు, పుల్లటి వాసన. పై పలక అప్పడంలా వంకర తిరిగింది. మధ్యలో రెండు చెమ్మతో మెత్తబడ్డాయి. బావ తిడతాడనుకున్నాను. ఆయన గోటితో గీకి చూసి, "పచ్చి సెక్కకి గాలాడాల బావా. బెల్లం కాదది" అన్నాడు, అంతే. ఆ నెమ్మది మాట కంటే తిట్టే నయం. ఇంకో పనస చెట్టు తెచ్చుకోవచ్చు. అది నాన్న వేసింది అవదు.

మిగిలిన వాటిని ఎండలో గీకి, ఈసారి జానకో వేప పుల్ల అడ్డం పెట్టి పేర్చాం. వంకర పోకుండా పైన బరువు కావాలి. ఎలక్ట్రానిక్ తూకం వచ్చాక మూలపడిన ఇనప రాళ్ళన్నీ మోసుకొచ్చి పెట్టాను. ఎండాక నిలిచేది ఒక్కటే పలక, అదీ చివర జానెడు కోసేయాలి అని బావ ముందే తేల్చాడు.

అమ్మ మళ్ళీ అడిగింది. బజార్లో టేకు బల్ల చూశాను, దీనికంటే బావుంది అని మొదలుపెట్టాను. ఎదుట అమ్మ. నాన్నకి నలభై ఏళ్ళు బేరాలు నేర్పిన మనిషి.

"పాడు సేసినావేటి?"

చెప్పాను. బావ పుల్లలు పెట్టమన్నాడనీ, పెట్టలేదనీ, నెలల తరబడి ఎండుతోందని అబద్ధం ఆడాననీ.

అమ్మ చేటలో పప్పు ఏరుతూ అంది. "పెళ్ళైన కొత్తలో మీ నాన్న తడిసిన మినుములు మూట కట్టి గోదాములో దాసినాడు. ఎవుళికీ సెప్పనేదు. మొలకలొచ్చి గోనె పైకి లేసింది." పప్పులో రాయి ఒకటి ఏరి పారేసి, "నాను నవ్వితే రెండు రోజులు మాటాడనేదు."

ఇంకో వేసవి దాటాక ఆ పలకతో వడ్రంగి బల్ల చేశాడు. ఒక పక్క దుంగ వంపు అలాగే ఉంచమన్నాను. పసుపు రంగు తేనె రంగుకి తిరిగింది. కొట్టు ముందు వేశాం. నలుగురికి చాలదు, సర్దుకుంటే ఇద్దరికి.

మొదటి రోజు అమ్మ దాని దగ్గరికే రాలేదు. గిరాకీ కోసం వేసింది, నాకెందుకు అంది. మధ్యాహ్నం కొట్టు ఖాళీ అయ్యాక బయటికి వచ్చి, ఒక చివర కూర్చుని, వంపు ఉన్న అంచు మీద చెయ్యి ఆనించింది. నేను లోపల సబ్బులు సర్దుతున్నట్టు నటించాను. అంతలో ఎదురింటామె నూనె సీసాతో వచ్చి నిలబడింది.

"బాగుందమ్మా. ఇంకాస్త పొడుగుంటే బాగున్ను కదేటి?"

అమ్మ పక్కకి జరిగింది. "సాల్లే. కూకో."